ఇరవై ఒకటో నంబరు రక్తం

"ఇరవై ఒకటి తీసెయ్," అంది రాజ్యలక్ష్మమ్మ.

కంప్యూటర్ తెర మీద నలభై గీతలు ఒకదాని కింద ఒకటి పరుచుకుని ఉన్నాయి. ఒక్కో గీత ఒక్కో మనిషి రక్తం. పైన ఇరవై గీతల్లో శిఖరాలు నిటారుగా లేచి ఉన్నాయి. అడుగున ఉన్న పందొమ్మిదింటిలో అవే శిఖరాలు అరిగిపోయి, గుంటక తోలిన చేనులా చదునుగా పడి ఉన్నాయి. మధ్యలో ఇరవై ఒకటో నంబరు. లెక్క ప్రకారం అది కిందివాళ్ళ జట్టు. చూడ్డానికి మాత్రం పైవాళ్ళలో ఒకటిలా ఉంది.

పైన ఇరవై మంది దుమ్ము ఎరగని పల్లెల వాళ్ళు. కింద ఇరవై మంది కోడూరు దగ్గరి ముగ్గురాయి పొడిమిల్లులో తొమ్మిదీ పదేళ్ళుగా పనిచేస్తున్న కూలీలు. ఆ దుమ్ము వాళ్ళ నెత్తుటి కణాల్లో ఏమైనా మార్చిందా అన్నది ప్రశ్న. మార్చిందని పందొమ్మిది మంది రక్తం ముక్తకంఠంతో చెబుతోంది. ఒక్కడి రక్తం కాదంటోంది.

"ఆ ట్యూబు యాడనో పాడయింటుంది పద్మా. పందొమ్మిది మంది ఒక మాట మీద ఉంటే ఒక్కని కోసం రిపోర్టు ఆపుకుంటామా?"

ఆ ఒక్కడు ఎవడో రాజ్యలక్ష్మమ్మకు తెలియదు. పేర్ల జాబితా మూసిన కవరులో ఆమె బీరువాలోనే ఉంది గానీ, రిపోర్టు పోయేదాకా విప్పకూడదని ఆమే నియమం పెట్టుకుంది. పద్మప్రియకు మాత్రం తెలుసు. జూన్ నుంచి ప్రతి సోమవారం ఒక మనిషి ఆమె బల్ల దగ్గరికొచ్చి, తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తూ అడుగుతున్నాడు: ఇరవై ఒకటో నంబరు వచ్చిందామ్మా అని.

ఆ మనిషి ప్రేమయ్య. ల్యాబ్ అటెండరు. ఇరవై ఒకటో నంబరు ఆయన కొడుకు యేసుప్రసాద్. మే నెలలో చనిపోయాడు. వయసు ముప్పై ఒకటి.

*

కడప ఊరి బయట ఒక ధర్మాసుపత్రి. దాని వెనక మేడ మీద మూడు గదుల ల్యాబ్. డాక్టర్ రాజ్యలక్ష్మమ్మది కర్నూలు, వచ్చే డిసెంబరుకు రిటైర్మెంటు. పద్మప్రియది ప్రొద్దుటూరు, పీహెచ్‌డీ మూడో ఏడు. ప్రేమయ్య ఈ ఇద్దరికంటే ముందునుంచీ అక్కడే ఉన్నాడు.

ఏం పని చేస్తున్నావే అని తండ్రి పెద్దసుబ్బయ్య అడిగినప్పుడు పద్మప్రియ ఆయన నడిపే బట్టల కొట్టు భాషలోనే చెప్పింది. ప్రతి కణంలోనూ రెండు మీటర్ల డీఎన్ఏ దారం ఉంటుంది. అది ప్రొటీన్ ఉండల మీద బిగించి చుట్టి ఉంటుంది. చుట్టి ఉన్నంతసేపూ షట్టరు దించిన కొట్టు లెక్క, లోపల ఎంత సరుకున్నా బేరం జరగదు. ఎక్కడ పని జరుగుతోందో అక్కడ మాత్రం చుట్టు వదులై దారం బయటపడుతుంది. బజారు మొత్తం మీద ఈ నిమిషాన ఏయే కొట్లు తెరిచి ఉన్నాయో పట్టిక రాయాలి. అదీ పని.

ఎలా రాస్తావన్నాడు ఆయన. బతికి ఉన్న కణాల మీద ఫార్మలిన్ పోస్తాం నాన్నా, అంది. అది బంక లాంటిది. ప్రొటీన్ పట్టుకున్న చోటల్లా దారం దానికి అతుక్కుపోతుంది. తెరిచి ఉన్న చోట అతుక్కోడానికి ఏమీ ఉండదు. ఆ తర్వాత ధ్వని యంత్రంతో దారాన్ని ముక్కలు చేసి ఫినాల్‌లో కలిపి తిప్పుతాం. అతుక్కున్న ముక్కలు అడుక్కి లాక్కుపోతాయి, అతుక్కోనివి పైన నీళ్ళలో తేలతాయి. ఆ పైనీళ్ళు తీసి హైదరాబాద్ పంపిస్తే ఆ ముక్కలు ఏయే వీధివో, ఏ ఇంటి నంబరో చదివి పంపిస్తారు.

పెద్దసుబ్బయ్య చదివింది ఆరో తరగతి. అయినా వెంటనే పట్టుకున్నాడు. బంక ఎక్కువసేపు ఉంచితే తెరిచిన తలుపు గూడా అతుక్కుపోదా అన్నాడు.

అందుకే సరిగ్గా ఐదు నిమిషాలు, అంది పద్మప్రియ. ఐదో నిమిషాన గ్లైసిన్ పోసి బంకను చంపేస్తాం.

ఆ ఐదు నిమిషాలూ ప్రేమయ్య చేతిలో ఉండేవి.

ట్యూబుల్ని ఊపే యంత్రం పోయిన నవంబరులోనే పాడైంది. కొత్తదానికి కాగితం పెట్టారు, కాగితం ఎక్కడో ఆగింది. అంచేత ఫార్మలిన్ పోసిన ట్యూబులను రెండు చేతులా పట్టుకుని మనిషే ఊపాలి. ఆపితే కణాలు అడుక్కి దిగిపోతాయి. రెండు చేతులూ ట్యూబులకే సరిపోతే గడియారం నొక్కేదెవరు? ప్రేమయ్యకు గడియారం అక్కర్లేదు. ఇరవై ఐదేళ్ళుగా స్లయిడ్లకు రంగులు పట్టించే పని పాటలతోనే చేశాడాయన. ఆదివారం చర్చిలో పాడే కీర్తనల్లో రెండు నిమిషాలది ఒకటి, మూడున్నరది ఒకటి. ఐదింటికి ఐదు చరణాల పాట ఒకటి ఉంది. మొదటి చరణంతో ఊపడం మొదలుపెడతాడు. ఐదో చరణం చివరి మాటకు గ్లైసిన్ పడుతుంది.

మొదటిసారి విన్నప్పుడు పద్మప్రియకు నవ్వూ భయమూ రెండూ వచ్చాయి. చెప్పకుండా తలుపు వెనక నిలబడి స్టాప్‌వాచ్ నొక్కింది. ఐదు నిమిషాల రెండు సెకన్లు. మర్నాడు మళ్ళీ నొక్కింది. ఐదు నిమిషాలు, సెకను తక్కువ. మూడో రోజు ప్రేమయ్య చూడనే చూశాడు.

"శెట్టిగారి బిడ్డవనిపించినావు గదమ్మా. మీరు కాటాను నమ్మినట్ల మనిషిని నమ్మరు."

ఆమె సిగ్గుపడి వాచీ సొరుగులో వేసేసింది. ఆ రోజు మొదలు ల్యాబ్ పుస్తకంలో ఫార్మలిన్ అన్న మాట ఎదురుగా 5 నిమిషాలు అని రాస్తూ వచ్చింది. మొత్తం నలభై సార్లు రాసింది. చూసి రాసింది మూడుసార్లే.

*

ముగ్గురాయి కూలీల సంగతి తేల్చడానికి వేసిన కమిటీ అక్టోబరు ఐదున కర్నూలులో కూర్చోవాలి. ల్యాబ్ రిపోర్టు ముందురోజే చేరాలి. కూలీల తరఫున ఉన్న బలమైన కాగితం అదొక్కటే. ఎక్స్‌రేలు అటూ ఇటూ కాకుండా ఉన్నాయి. దగ్గుకూ, ఆయాసానికీ మిల్లువాళ్ళ దగ్గర జవాబు రెడీగా ఉంది: బీడీలు, సారా. ఆ మిల్లు పేరు ఇక్కడ అనవసరం. యేసుప్రసాద్ చనిపోయినప్పుడు మేనేజరు దినాలకు వచ్చి, పదిమంది ముందు, తాగుడు మానుకోమని ఎన్నిసార్లు చెప్పినా వినలేదని బాధపడిపోయాడు.

యేసుప్రసాద్ చుక్క ముట్టినవాడు కాదు. చర్చిలో డోలక్ వాయించేవాడు. ప్రేమయ్య మేనేజరుకు జవాబు చెప్పలేదు. చెప్పాల్సింది కాగితం చెబుతుందని ఊరుకున్నాడు. జూన్‌లో మళ్ళీ పనిలోకొచ్చిన రోజున పద్మప్రియతో అన్నది ఒక్కటే మాట. నా కొడుకు తాగి చావలేదని మీ మిషను రాసిస్తే చాలమ్మా, దాన్ని పటం కట్టించి పెట్టుకుంటా.

అక్టోబరు రెండో తారీఖున తుంగభద్రా హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డాయి. పాతబస్తీలో మొదటి అంతస్తు దాకా నీళ్ళు. రాజ్యలక్ష్మమ్మ ఇంట్లో ముప్పై ఏళ్ళ పుస్తకాలు ఒండ్రులో ముద్దయ్యాయి. ఆమె నాలుగు రోజులు పారతో మట్టి ఎత్తిపోసుకుని, గోళ్ళలో అదే మట్టితో కడపకు తిరిగొచ్చింది. కమిటీ ఇరవై ఆరుకు వాయిదా పడింది.

ఆ మూడు వారాలే దొరక్కపోయి ఉంటే రిపోర్టు వెళ్ళిపోయేది. ఇరవై ఒకటి లేకుండా.

*

ట్యూబు పాడైతే ఎలా పాడైందో తెలియాలి. పద్మప్రియ అక్కడ మొదలుపెట్టింది.

ఫార్మలిన్ సీసా నంబరు చూసింది. నలభై మందికీ ఒకటే సీసా. ఫినాల్ ఒకటే. ధ్వని యంత్రం ఎన్నిసార్లు మోగిందో దాని పుస్తకంలో ఉంది, అందరికీ అన్నేసార్లు. రక్తం తీసింది అందరికీ పొద్దున్నే, పరగడుపున. గదిలో ఏసీ ఇరవై నాలుగు మీద ఉంది. హైదరాబాద్ పంపింది అన్నీ ఒకే పెట్టెలో. ఎక్కడా పుల్ల దూరే సందు లేదు.

మిగిలింది తారీఖులు.

పల్లెవాళ్ళ ఇరవై మందిదీ జనవరి నుంచి మార్చి లోపల అయిపోయింది. మిల్లు కూలీల రక్తం తీయడానికి మిల్లువాళ్ళు జూన్ దాకా గేటు తెరవలేదు. పందొమ్మిది మందిదీ జూన్, జూలై, ఆగస్టుల్లోనే. ఒక్క యేసుప్రసాద్ మాత్రం మార్చి ఇరవై ఏడున తండ్రి కోసం ల్యాబ్‌కు వచ్చి, ఎలాగూ వచ్చాను కదా నాదీ తీసుకోండని చెయ్యి చాపాడు.

పద్మప్రియ పెన్సిలు కింద పెట్టింది. ఇరవై ఒకటో నంబరు పాడైపోలేదు. అది మిల్లు మనిషి లెక్కలో లేదు, మార్చి నెల లెక్కలో ఉంది. శిఖరాలు ఉన్నవన్నీ మార్చి దాకా చేసినవి. అరిగినవన్నీ జూన్ తర్వాత చేసినవి. గీతల్ని విడదీసింది దుమ్ము కాదేమో.

అయితే మార్చికీ జూన్‌కీ మధ్య ఈ మూడు గదుల్లో మారింది ఏమిటి?

అన్నీ మళ్ళీ చూసింది. సీసాలు మారలేదు. యంత్రాలు మారలేదు. తాను మారలేదు. రెండు రోజులు ఇదే ఆలోచన. మూడో రోజు పొద్దున, సీసాలో మందు బలం తగ్గిందేమో చూద్దామని తన రక్తమే తీయించుకుని, తెల్ల కణాలు వేరు చేసి, ట్యూబు ప్రేమయ్య చేతికిచ్చింది. పక్కగదిలోకెళ్ళి గ్లౌజులు తీసి చేతులు కడుక్కుంది. ఫోన్ మోగితే మాట్లాడింది. అమ్మ. సంబంధం ఏదో వచ్చిందట, అబ్బాయికి నంద్యాలలో మందుల షాపట. ఇప్పుడు కాదులే అని చెప్పి పెట్టేసి, కుర్చీలో కూర్చుంది.

గోడ అవతల పాట ఇంకా నడుస్తోంది.

అప్పుడు విన్నది. అంతకు ముందు మూడు నెలలూ అది ఆమె చెవిన పడుతూనే ఉంది, ఫ్యాను చప్పుడు పడినట్టు. పాట అదే. అవే ఐదు చరణాలు. కానీ ప్రతి మాట చివరా ప్రేమయ్య ఆగుతున్నాడు. చరణానికీ చరణానికీ నడుమ గుక్క తిప్పుకోవడానికి కాదు, ఎవరో అందుకుంటారని ఎదురుచూస్తున్నట్టు.

పద్మప్రియ సొరుగు లాగింది. వాచీ అక్కడే ఉంది. మూడో చరణం మొదట్లో నొక్కింది. పాట ముగిసేసరికి నాలుగు నిమిషాల యాభై. అంటే మొత్తం ఎనిమిది నిమిషాలకు పైనే.

తలుపు తీసింది. ప్రేమయ్య ట్యూబు స్టాండులో పెట్టి, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఫార్మలిన్ దగ్గర నిలబడినవాడి కళ్ళలో నీళ్ళు చూసి ఎవరూ కారణం అడగరు. ఆమె కూడా జూన్ నుంచి ఒక్కసారీ అడగలేదు.

*

మర్నాడు ప్రేమయ్యకు సెలవు. పద్మప్రియ తన రక్తాన్నే రెండు భాగాలు చేసింది. ఒకటి వాచీ పెట్టుకుని ఐదు నిమిషాలు ఊపింది. రెండోది ఎనిమిది. హైదరాబాద్ పంపనవసరం లేదు, శిఖరాల్లో పెద్దవి పన్నెండింటిని చూడటానికి ల్యాబ్‌లో ఉన్న మిషను చాలు. మూడు రోజుల్లో జవాబొచ్చింది.

ఐదు నిమిషాల రక్తంలో పన్నెండు శిఖరాలూ నిలబడ్డాయి. ఎనిమిది నిమిషాల రక్తంలో పన్నెండూ కూలిపోయి ఉన్నాయి.

మిల్లు గేటు మొహం కూడా చూడని ప్రొద్దుటూరు శెట్టిగారి అమ్మాయి రక్తం, తొమ్మిదేళ్ళు ముగ్గురాయి దుమ్ము పీల్చినవాడి రక్తంలాగే కనిపించింది. బంక ఎక్కువసేపు ఉంచితే తెరిచిన తలుపు గూడా అతుక్కుపోదా అన్న నాన్న మాట గుర్తొచ్చింది.

రాజ్యలక్ష్మమ్మ ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచింది. మళ్ళీ రక్తాలు తీసి చేయొచ్చా అంటే, చేయడానికి లేదు. ఇచ్చింది చాలని మిల్లువాళ్ళు సెప్టెంబరులోనే గేటు మూశారు. ఫార్మలిన్ తగిలిన కణాలను వెనక్కి తీసుకురావడం ఎవరివల్లా కాదు. ఇరవై ఆరుకు ఇంకా నాలుగు రోజులుంది.

చివరికి ఆమె లేచి వెళ్ళి తలుపు మూసింది.

"దుమ్ము మంచిదని నువ్వు గానీ నేను గానీ నమ్ముతామా?"

"లేదు మేడం."

"ఈ కాగితం కమిటీకి పోతే ఆ పందొమ్మిది మందికి వైద్యమన్నా దొరుకుతుంది. పోకపోతే ఏమీ దొరకదు. మిల్లువాళ్ళకు పైసా నష్టం లేదు. నేను అబద్ధం చెప్పమంటలేదు పద్మా. ఈ వాచీ సంగతి చెప్పొద్దంటాండా, అంతే."

గోళ్ళలో ఆ మట్టి ఇంకా పూర్తిగా పోలేదు. పద్మప్రియకు ఆమె మీద కోపం రాలేదు. రానందుకే భయమేసింది. తనక్కూడా అదే మాట నిన్న రాత్రి నుంచి మనసులో తిరుగుతోంది. ప్రేమయ్యకు చెప్పి వస్తానంది. ఆయనకెందుకు చెప్పడం, కుమిలిపోతాడని రాజ్యలక్ష్మమ్మ వారించింది. పద్మప్రియ అప్పటికే తలుపు తీసింది.

*

మధ్యాహ్నం మూడున్నర. ప్రేమయ్య వెనక వరండాలో గాజు సామాను ఆరబెడుతున్నాడు. ఎండ ఏటవాలుగా పడి ఫ్లాస్కులన్నీ మెరుస్తున్నాయి. ఆమె మెట్టు మీద కూర్చుని మొత్తం చెప్పింది. బజారు, బంక, షట్టర్లు, ఐదు, ఎనిమిది. తన రక్తం సంగతి కూడా. ఆయన ఒక్కసారీ అడ్డు రాలేదు. చేతిలో ఫ్లాస్కును గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు, అది ఎప్పుడో ఆరిపోయింది.

"అయితే నేను నిదానంగా పాడినానా?"

"అవునన్నా."

"నాకు అట్ల అనిపీలేదే. ఎప్పుడు పాడినట్లే పాడతాండా అనుకున్నా."

"నాకూ తెలీలేదు."

ఆయన ఫ్లాస్కును బోర్లించి పెట్టాడు. దుమ్ము ఏమీ చేయలేదనా అర్థమని అడిగాడు. చేసిందో లేదో ఈ నలభై ట్యూబులు చెప్పలేవని పద్మప్రియ అంది. పందొమ్మిదీ చెడిపోయాయి. మిల్లువాళ్ళలో చెడకుండా మిగిలింది ఇరవై ఒకటి ఒక్కటే. అది పల్లెవాళ్ళలాగే ఉంది. ఒక్కదాన్ని పట్టుకుని ఔననీ కాదనీ ఎవరూ అనలేరు.

"మంచిగా ఉండేది మావాడిదొక్కటే," అన్నాడు ప్రేమయ్య. "అదే పనికి రాదు."

కింద ఆసుపత్రి ఆవరణలో ఎవరో అంబులెన్సును వెనక్కి తీయిస్తున్నారు, రా రా అని అరుస్తూ.

"ఇది ఎవరెవరికి తెల్సు?"

"మేడంకి. నాకు. ఇప్పుడు నీకు."

"పందొమ్మిది మంది ఉండారమ్మా. వాళ్ళల్లో సుంకులమ్మ కొడుకు అయ్యన్న ఉండాడు. వానికి మెట్లెక్కితే ఊపిరి అందదు."

"నువ్వు చెప్పన్నా. ఏం చెయ్యమంటావు?"

ఆయన తల తిప్పి ఆమె వైపు చూశాడు. ఇన్నేళ్ళలో ఆయన కళ్ళలో కోపం చూడటం ఆమెకు అదే మొదలు.

"నా మీద పెట్టొద్దు. నేను పాడేవాణ్ణి, పాడినా. చూడకుండా ఐదని రాసింది నువ్వు. ఆ పొద్దు కాటా అని నేను ఎగతాళి చేస్తే దాన్ని సొరుగులో ఎందుకేసినావు? నేనొక మాటంటే వాచీ తీసి పారేస్తావా?"

పద్మప్రియ లేచి లోపలికి వచ్చేసింది.

ల్యాబ్ పుస్తకం బల్ల మీదే ఉంది. నల్ల అట్ట, ఎర్ర వీపు, పేజీలకు అచ్చు నంబర్లు. ఇందులో కాగితం చింపకూడదు, తెల్ల రంగు పూయకూడదు. తప్పుంటే ఒక్క గీతతో కొట్టి, పాత అంకె కనబడేలా ఉంచి, పక్కన సరైనది రాసి, సంతకమూ తారీఖూ వేయాలి. మొదటి రోజున ఈ నియమం ఆమెకు నేర్పింది రాజ్యలక్ష్మమ్మే.

జూన్ పేజీ తీసింది. ఇరవై రెండో నంబరు. ఫార్మలిన్, 5 నిమిషాలు. ఒక గీత గీసింది. పక్కన ఏం రాయాలో తెలియక పెన్ను ఆగింది. ఎనిమిదా? ఏడా? ఆమెకు తెలిసిన ఎనిమిది నిన్నమొన్నటిది. జూన్‌లో ఎంతో ఎవరికి తెలుసు?

రాజ్యలక్ష్మమ్మ గది గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆపమనలేదు. కొద్దిసేపటికి లోపలికెళ్ళి టైపు మిషను ముందు కూర్చుంది. కంప్యూటర్లో ఎంత పని చేసినా ఆఫీసు ఉత్తరాలు మాత్రం ఆమె ఆ మిషను మీదే కొట్టుకుంటుంది. కమిటీవారికి, అని మొదలుపెట్టింది. మా ఫలితాలు వెనక్కి తీసుకుంటున్నాము. పైకి చదువుకుంటూ కొట్టిన మాటలు గోడ దాటి ఒక్కొక్కటిగా వినబడ్డాయి. మళ్ళీ రక్తం తీయడానికి అనుమతి ఇప్పించమని కూడా రాసింది. ఇప్పిస్తారని ఆమె గొంతులో నమ్మకం లేదు. చదివి వినిపించి, కవరు అంటించి, తన రిటైర్మెంటు కాగితాల మీద పెట్టింది.

ప్రేమయ్య ఎప్పుడు వచ్చాడో పద్మప్రియ చూడలేదు. స్టూలు జరిపిన చప్పుడైంది. ఆయన పక్కన కూర్చుని పుస్తకం మీదికి వంగాడు. ఇంగ్లీషు చదవలేడు గానీ తారీఖులు చదవగలడు.

"ఇది జూన్ పద్దెనిమిది," అన్నాడు. "ఆ పొద్దు మావాడు పోయి నలభయ్యో దినం. మధ్యలో నిలిపి మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నా. తొమ్మిది పైనే అయింటుంది."

ఆమె రాసింది. తొమ్మిదికి పైన, అంచనా. వాచీ చూడలేదు. సంతకం.

ఇరవై ఆరో నంబరు దగ్గర ఆయనకేమీ గుర్తు రాలేదు. తెలియదు అని రాసింది. ముప్పయ్యో నంబరు రోజున కరెంటు పోయి చీకట్లో పాడాడట. ముప్పై మూడు రోజున మిల్లు మేనేజరు మోటారుసైకిలు మీద పోతూ బజార్లో కనబడి నమస్కారం పెట్టాడట, తాను కూడా తిరిగి పెట్టాడట. అటునుంచి అటే ల్యాబ్‌కు వచ్చి, ఎన్నో చరణంలో ఉన్నదీ మర్చిపోయి, రెండోదే రెండుసార్లు పాడినట్టు జ్ఞాపకం. ఒక్కో పేజీకి ఒక్కో రోజు విప్పి చెబుతూ పోయాడు. పద్మప్రియ నిమిషాలు మాత్రమే రాసింది. మిగతాదానికి ఆ పుస్తకంలో గడి లేదు.

పందొమ్మిది పేజీలు అయ్యేసరికి సాయంత్రమైంది. ఆమె వేళ్ళు నొప్పిపెట్టాయి. వెనక్కి తిప్పుతుంటే పుస్తకం మార్చి నెల దగ్గర తెరుచుకుంది. ఇరవై ఏడో తారీఖు. ఇరవై ఒకటో నంబరు. 5 నిమిషాలు.

ప్రేమయ్య ఆ అంకె మీద వేలు పెట్టాడు.

"ఇది కొట్టొద్దు."

"ఇదీ నేను చూసి రాసింది కాదన్నా."

"నువ్వు చూడలేదు. వాడు చూసినాడు." ఆయన వేలు తీయలేదు. "ఇదో, ఈ స్టూలు మీదే కూర్చున్నాడు. నాతో పాటు గొంతు కలిపినాడు. మూడో చరణం కాడ నేను లాగబోతే చేతిగడియారం చూసుకోని, కోడూరు బస్సు పోతుంది నాయనా, బిన్నే పాడు అన్నాడు."

పద్మప్రియ పెన్ను మూత పెట్టింది.